గోడమీద ఎలుగుబంటి

పిల్లలూ, మీరు రాత్రిళ్ళు పడుకునే మంచం పక్క గోడను ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? మీ వయసు పిల్లలు రోజుకు తొమ్మిది గంటలైనా నిద్రపోవాలి. అంటే బడిలో గడిపే కాలం కన్న ఆ గోడ పక్కన గడిపే కాలమే ఎక్కువన్నమాట. అయినా ఇంట్లో ఎవరూ దాన్ని గురించి ఆలోచించరు. ఒక మేకు కొట్టి, కాలెండరు తగిలించి ఊరుకుంటారు.

ఈ రోజుల్లో కొందరు పిల్లల గదుల గోడలకు బొమ్మలు వేయిస్తున్నారు. పిల్లవాడి పేరు ఇంతింత అక్షరాలతో రాయించి, చుట్టూ కోటలూ ఇంద్రధనుస్సులూ వేయిస్తారు. బజారులో కొని అంటించే బొమ్మలు కూడా ఉన్నాయి. అవి చూడ్డానికి అందంగానే ఉంటాయి. కాని అదే కోట, అదే ఇంద్రధనుస్సు ఇంకా ఎన్నో ఇళ్ళలో ఉంటాయి. పేరు ఒక్కటే మారుతుంది. పేరు రాసినంత మాత్రాన గోడ మనదవుతుందా? నేను కాదంటాను. ఎందుకు కాదంటానో మీకు తెలియాలంటే, మా ఇంటి గోడమీదికి ఒక ఎలుగుబంటి ఎలా వచ్చిందో చెప్పాలి. అందులో కొంత లెక్క ఉంది, కొంత సైన్సు ఉంది. భయపడకండి, చివర పరీక్ష లేదు!

మాది నర్సీపట్నం. ఇది మొన్నమొన్నటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది; 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఇక్కణ్ణించి చింతపల్లి దారి పట్టి పోతే తూర్పు కనుమలు ఎక్కుతాం. చలికాలంలో లంబసింగి మంచు చూడ్డానికి వెళ్ళే బళ్ళు చాలావరకు మా ఊరిమీదుగానే పోతాయి. కొండలు దగ్గిర గనక మాకు వానలకు కొదవ లేదు. మా గోడమీది బొమ్మకు అసలు కారణం వానే.

మూడేళ్ళ క్రితం మా అమ్మాయికి హిందూపురం బదిలీ అయింది. మా అల్లుడిది ఓడమీద ఉద్యోగం. నెలల తరబడి సముద్రం మీదనే ఉంటాడు. చదువు మధ్యలో పిల్లల్ని ఊళ్ళు తిప్పడం ఎందుకని, ఇద్దర్నీ మా దగ్గిర వదిలింది. మనవరాలికి అప్పుడు పదకొండేళ్ళు, మనవడికి ఆరు. ఇద్దరికీ వెనక గది ఇచ్చాం.

ఆ ఏడు అక్టోబరులో ఐదు రోజులు ముసురు పట్టింది. మేడమీద పిట్టగోడ మొదట్లో ఎక్కడో బీట పడి, నీరు లోపలికి దిగి, పిల్లల మంచం పక్క గోడమీద ఇంత పెద్ద నల్లటి మరక తేలింది. పగలు చూస్తే అది ఉత్త చెమ్మ. రాత్రి మాత్రం పిల్లవాడు దానివైపు తిరిగి పడుకునేవాడు కాదు. లైటు తీయనిచ్చేవాడు కాదు. లైటు ఉంటే వాళ్ళక్కకు నిద్ర పట్టదు. రోజూ తగాదా! పది రోజుల్లో వాడి కళ్ళు గుంటలు పడ్డాయి. బడిలో బల్లమీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడని కబురు వచ్చింది.

“గోడలో ఏముందిరా?” అని అడిగాను.

వాడు చాలాసేపు చెప్పలేదు. తరవాత నా చెవి దగ్గిరికి వచ్చి, “ఎలుగుబంటి,” అన్నాడు.

“ఎలుగూ లేదు, గిలుగూ లేదు, పడుకో నాన్నా,” అన్నది మా ఆవిడ. ఎవరైనా అంతే అంటారు. కాని నేను ముప్ఫైయేడేళ్ళు పిల్లల మధ్య గడిపినవాణ్ణి. పిల్లవాడు “ఉంది” అన్నదాన్ని పెద్దవాళ్ళు “లేదు” అంటే, అది పోదు. పిల్లవాడు దాన్ని గురించి మనతో చెప్పడం మానేస్తాడు. అంతే తేడా.

అందుకని నేను, “అది మగదా, ఆడదా?” అన్నాను.

వాడు ఆలోచనలో పడ్డాడు. “తెలీదు, తాతయ్యా.”

“ఏం తింటుంది?”

“నన్ను.”

“అది మాత్రం కాదు. రా, చూద్దాం,” అని పుస్తకాలు ముందు వేసుకున్నాం. మీరూ వినండి. మన కొండల్లో తిరిగే ఎలుగుబంటికి ముఖ్యమైన ఆహారం చీమలూ, చెదపురుగులూ. తేనె, ఇప్పపువ్వు, నేరేడు పళ్ళు అన్నా ఇష్టమే. దానికి పైవరసలో ముందు ఉండవలసిన రెండు పళ్ళు ఉండవు. ఆ సందులోనుంచి చెదపురుగులను గాలితో సహా జుర్రుమని పీలుస్తుంది. ఆ చప్పుడు వంద గజాల దూరానికి కూడా వినిపిస్తుందట! వంకర తిరిగిన పొడుగాటి గోళ్ళు పుట్టలు తవ్వడానికే. ఒళ్ళంతా నల్లటి జూలు. రొమ్ముమీద మాత్రం తెల్లటి గీత ఒకటి, ఇంగ్లీషు అక్షరం ‘వి’లాగా ఉంటుంది. అయితే అడవిలో హఠాత్తుగా ఎదురుపడితే అది మనిషిమీద కలబడుతుంది సుమా! దూరంగా ఉండవలసిన జంతువే. కాని మనుషుల్ని తినడానికి రాదు.

అన్నిటికన్న వింత సంగతి ఇంకొకటి ఉంది. ఈ జాతి ఎలుగు తల్లి తన పిల్లల్ని వీపుమీద ఎక్కించుకుని తిరుగుతుంది. తక్కిన ఎలుగు జాతులకు ఈ అలవాటు లేదు. మామూలుగా దానికి ఒకటో రెండో పిల్లలు. అవి తల్లి జూలు గట్టిగా పట్టుకుని, అది మేతకు పోయిన చోటికల్లా పోతాయి.

ఇది చదివినప్పుడు పిల్లవాడు, “ఎన్నాళ్ళు మోస్తుంది?” అన్నాడు.

“ఆరు నెలలు మొదలు తొమ్మిది నెలల దాకా.”

వాడు వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఏం లెక్కో నేను అడగలేదు. వాళ్ళమ్మ మే నెలలో సెలవు పెట్టి వస్తానని చెప్పి వెళ్ళింది. అప్పటికింకా ఏడు నెలలుంది.

“మరకలో ఉన్నది తల్లి ఎలుగేనేమో,” అన్నాడు చివరికి.

“అయితే మనమే దాన్ని సరిగ్గా వేద్దాం,” అన్నాను.

మనల్ని బాధించేదాన్ని గోడమీద బొమ్మగా వేయడం నేను కనిపెట్టినది కాదు. మా ఊరికి ఈశాన్యంగా, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల్లోనూ, వాటికి ఆనుకుని ఉన్న ఒడిశా కొండల్లోనూ సవరలని గిరిజనులున్నారు. వారి సంగతి తెలుగువారికి శ్రద్ధగా చెప్పినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940). ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సవరభాష నేర్చుకుని, వారి పిల్లలకు బడులు పెట్టించి, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. తరవాత ఇంగ్లాండులో పుట్టి మనదేశంలో స్థిరపడిన వెరియర్ ఎల్విన్ ఆ కొండల్లో తిరిగి, సవరల నమ్మకాలను గురించి 1955లో పెద్ద గ్రంథం ప్రకటించారు.

సవరల ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, కష్టం వచ్చినా, దానికి కారణమైన దేవతనో, చనిపోయిన పెద్దవారినో గుర్తుపట్టి, వారి కోసం లోపలి గోడమీద బొమ్మ వేసే ఆచారం ఉంది. గోడను ఎర్రమన్నుతో అలికి, బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, చివర నలగగొట్టిన పుల్లను కుంచెగా చేసుకుని తెల్లగా గీస్తారు. నలుచదరంగా ఒక ఇల్లు గీసి, అందులో మనుషులూ, చెట్లూ, ఏనుగులూ, సూర్యచంద్రులూ వేస్తారు. రైలుబండ్లూ, విమానాలూ వేసిన బొమ్మలు కూడా ఎల్విన్ చూశారు. “నీకు ఇక్కడ ఇల్లు కట్టాం. ఇందులో సుఖంగా ఉండు. మా వాళ్ళను బాధించకు,” అని ఆ బొమ్మకు అర్థం. బొమ్మ పూర్తయినాక ఇంకేమైనా లోటున్నదా అని విచారించి, ఉంటే అది కూడా చేరుస్తారు.

జబ్బుకు మందు వైద్యుడి దగ్గిర పుచ్చుకోవాలి, అది వేరే మాట. కాని ఇందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ బొమ్మ ఒక ఇంటి కోసం, ఆ ఇంట్లో ఒక మనిషి కోసం వేసేది. పక్కింటి బొమ్మ తెచ్చి ఇక్కడ పెడితే పనికిరాదు. ఆ ఇంటి బాధ ఏమిటో తెలుసుకున్నాకనే పుల్ల చేతికి తీసుకోవాలి.

మేమూ బాధ తెలుసుకున్నాం. ఇక గోడ సంగతి. చెమ్మ గోడమీద ఎంత మంచి రంగు వేసినా నిలవదు. గోడలోని నీరు బయటికి వస్తూ, ఇటుకలలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను తనతో తెస్తుంది. నీరు ఆవిరైపోతుంది, లవణాలు రంగు వెనక స్ఫటికాలుగా గట్టిపడి, పూతను పొక్కులు పొక్కులుగా లేపేస్తాయి. అందుకని ముందు తాపీమేస్త్రి చేత పిట్టగోడ బీట పూడ్పించాం. పాడైన పూత తీసేసి, కొత్త సిమెంటు పూత వేయించి, సంక్రాంతి దాకా ఆరనిచ్చాం. ఆ మూడు నెలలూ మా పిల్లలు కాగితాలమీద ఎలుగుబంట్లు వేస్తూనే ఉన్నారు.

రంగుల దగ్గిర వాళ్ళిద్దరికీ ఒక సరదా పుట్టింది. “కొనడం ఎందుకు? వంటింట్లో పసుపు లేదూ!” అని మనవరాలు పసుపు నీళ్ళలో కలిపి, ఇంకా ఆరని కొత్త పూతమీద ఓ మూల పూసింది. చూస్తూండగానే పసుపు కాస్తా ఎర్రబడింది! పిల్లలిద్దరూ నోళ్ళు తెరిచారు. మా ఆవిడ మాత్రం నవ్వింది. హారతి పళ్ళెంలో పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్ళు చేసేది ఆవిడే గదా! పసుపులోని రంగుపదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం క్షారం, కొత్త సిమెంటు పూత కూడా క్షారమే. పైగా పసుపు ఎండకు వెలిసిపోతుంది. గోడకు పనికిరాదు.

మరి వెలవనిది ఏది? మన పల్లెల్లో సున్నం కొట్టిన గోడల అడుగున ఎర్రటి పట్టీ వేస్తారు, చూశారా? అది జాజు. జాజులో రంగంతా ఇనుముది. మేకుకు పట్టిన తుప్పు దానికి దగ్గిర చుట్టం. ఇనుము ఆక్సిజనుతో పూర్తిగా కలిసిపోయి తయారైన పదార్థం గనక, దానిమీద గాలి చేయగలిగింది ఇంకేమీ లేదు. ఎండకు కూడా అది లొంగదు. అజంతా గుహల్లో పదిహేను వందల ఏళ్ళ కిందట వేసిన ఎరుపు ఈనాటికీ కనిపించడానికి ఇదే కారణం.

ఒక సాయంత్రం మా అమ్మాయి ఫోనులో పిల్లలకు లేపాక్షి సంగతి చెప్పింది. అది హిందూపురానికి దగ్గిరే. అక్కడి వీరభద్రాలయాన్ని 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. మండపాల పైకప్పుల నిండా బొమ్మలే. శివుడు కిరాతుడి వేషంలో వచ్చి, పంది కోసం అర్జునుడితో పోట్లాడిన కథ కూడా అందులో ఉంది. “ఎక్కువ రంగులు లేవర్రా! ఎరుపూ, పసుపుపచ్చా, నలుపూ, తెలుపూ లాంటివే, చాలావరకు మట్టిలో దొరికే రంగులే. వాటితోనే అన్ని కథలూ వేశారు,” అన్నది. దాంతో మా పిల్లలు రంగుల జాబితాలో సగం కొట్టేశారు. జాజు ఎరుపు, గోధుమ, నలుపు, తెలుపు, ఆకుపచ్చ, కొంచెం నీలం, కొంచెం పసుపుపచ్చ. అంతే.

మాది సిమెంటు గోడ. దానిమీద జాజు పూస్తే చేతులకూ దుప్పట్లకూ అంటుకుంటుంది. అందుచేత ఆ ఛాయల్లోనే నీళ్ళతో కలిపే గోడ రంగులు కొన్నాం. ఇక్కడ మీ పెద్దవాళ్ళకు ఒక మాట చెప్పండి. రంగులు మెరవడానికీ, తొందరగా ఆరడానికీ పూర్వం వాటిలో సీసం కలిపేవారు. సీసం పిల్లల మెదడుకు విషం. పొట్టు రాలి చేతులకు అంటి, నోట్లోకి పోతే చాలు. ఇళ్ళకు వేసే రంగుల్లో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదని మన ప్రభుత్వం 2016లో నిబంధన చేసింది. 2017 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. డబ్బామీద ఆ మాట ఉన్నదో లేదో చూసి కొనాలి. పాత ఇళ్ళలో పాతరంగు గోకవలసి వస్తే, పెద్దవాళ్ళే తడిపి గోకాలి. పిల్లలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

సంక్రాంతి సెలవులు వచ్చినై. బొమ్మకు ఆరు అడుగుల పొడుగు, నాలుగు అడుగుల ఎత్తు చోటు కొలిచాం. దీనికి ముందు కాగితంమీద ఆరు అంగుళాల పొడుగు, నాలుగు అంగుళాల ఎత్తు బొమ్మ సిద్ధం చేశాం. కాగితంమీద అంగుళానికి ఒక గీత గీస్తే ఇరవైనాలుగు గళ్ళు వచ్చినై. గోడమీద అడుగుకొక గీత గీశాం. అవీ ఇరవైనాలుగే! నూలుదారానికి సుద్దపొడి రాసి, రెండు చివరలా పిల్లలిద్దరూ బిగించి పట్టుకుంటే, నేను మధ్యలో లాగి వదిలాను. ఠప్పుమని గోడమీద తిన్నని గీత పడింది. నిలువు గీత కోసం దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీశాం. భూమి లాగుతున్న దిక్కుకు దారం నిలుస్తుంది గనక అది అబద్ధమాడదు.

ఇక ఒక్కొక్క గడిలో ఉన్న గీతనే గోడమీది గడిలోకి దించడం. “ఎలుగుబంటి వేస్తున్నాను” అనుకుంటే చెయ్యి వణుకుతుంది. “మూడో గడిలో ఎడమ మూలనుంచి కుడివైపు మధ్యకు ఒక వంపు” అనుకుంటే వణకదు. నేను బడిలో నల్లబల్లమీద భారతదేశం పటం ఇలాగే వేయించేవాణ్ణి. ఇది గొప్ప రహస్యమేమీ కాదు. ముగ్గు పెట్టేవాళ్ళు ముందు చుక్కలు పెడతారు గదా! అదీ ఇదే పద్ధతి. ఆ మాట అన్నందుకు మా ఆవిడ, “మరయితే నాకూ ఇంత చోటివ్వండి,” అని బొమ్మ అడుగున ఆ చివరినుంచి ఈ చివరికి మెలికల ముగ్గు వేసింది. కొలబద్ద ముట్టుకోలేదు. చుక్క ఒక్కటీ తప్పలేదు.

ఒక చిన్న లెక్క చెయ్యండి. కాగితంమీది అంగుళం గోడమీద అడుగయింది. అంటే పొడుగు పన్నెండు రెట్లు పెరిగింది. మరి పట్టే రంగు ఎన్ని రెట్లు? పన్నెండని మా మనవడు కేకపెట్టాడు. కాదు. పొడుగూ పన్నెండు రెట్లే, ఎత్తూ పన్నెండు రెట్లే. పన్నెండు పన్నెండ్లు నూట నలభైనాలుగు! కాగితంమీద ఒక చుక్క రంగు పట్టిన చోట గోడమీద నూట నలభైనాలుగు చుక్కలు కావాలి. దుకాణానికి పోయేముందు ఈ లెక్క చేసుకోవడం మంచిది.

బొమ్మలో తల్లి ఎలుగు పిల్లవాడిది. దాని వీపుమీద రెండు పిల్లలు. ముందుది పెద్దది, వెనకది చిన్నది. వెనక కొండలు మనవరాలివి. కొండమీద వంకర టింకరగా ఒక ఘాటుదారి గీసి, దానిమీద అగ్గిపెట్టెంత ఎర్రబస్సు వేసింది.

“ఆ బస్సు ఎక్కడికి పోతున్నదే?” అని అడిగాను.

“పోవటం లేదు, తాతయ్యా. వస్తున్నది,” అన్నది.

బొమ్మ ఆరిన రోజు సాయంత్రం ఒక చిత్రం జరిగింది. చీకటి పడుతూండగా మనవరాలు, “తాతయ్యా, నా బస్సు లేదు!” అని అరిచింది. వెళ్ళి చూద్దుము గదా, పక్కనున్న ఆకుపచ్చ చెట్లు ఇంకా కాస్త కాస్త తెలుస్తున్నై. ఎర్రబస్సు మాత్రం నల్లటి దారిలో కలిసిపోయింది.

దీని కారణం మన కంట్లోనే ఉంది. కంటి వెనక తెరలో రెండు రకాల కణాలుంటాయి. రంగులు తెలియజెప్పేవి శంఖు కణాలు. ఇవి సుమారు అరవై లక్షలు. వీటికి బాగా వెలుతురుండాలి. మసక వెలుతురులో పనిచేసేవి దండ కణాలు. ఇవి సుమారు పన్నెండు కోట్లు. వీటికి రంగుల భేదం తెలియదు. ఆకుపచ్చ, నీలం వస్తువులనుంచి వచ్చే వెలుగు బాగా తెలుస్తుంది. ఎరుపు దాదాపు తెలియదు. అందుకే పొద్దుగూకేవేళ ఎర్రనివి ముందు నల్లబడతాయి. రెండు వందల ఏళ్ళ క్రితం పుర్కిన్యే అనే చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు ఈ సంగతి గమనించాడు. మీరు కూడా చూడవచ్చు. సాయంత్రం దీపాలు పెట్టకముందు మందారచెట్టు ఎదట కూచోండి. పగలు ఆకుల మధ్య మండుతూ కనిపించే పువ్వు, చీకటి పడుతున్నకొద్దీ ఆకులకన్న ముందే నల్లబడిపోతుంది.

చూశారా? పిల్లల పడకగదిలో బొమ్మను పగటికన్న రాత్రే ఎక్కువగా చూస్తారు. కనక రంగులు పగలు ఒకసారి, మసకచీకట్లో ఒకసారి చూసి నిర్ణయించాలి. మనవరాలు మర్నాడు బస్సుకు తెల్లరంగు వేసి, కిటికీలకు మాత్రం ఎర్రటి అంచు ఉంచింది. రాత్రి మళ్ళీ చూస్తే, బస్సు కనిపించింది. ఎలుగు ఒళ్ళు చీకట్లో కలిసిపోయినా, రొమ్ముమీది తెల్లగీత కనిపిస్తూనే ఉంది. లైటు తీసిన వెంటనే ఏమీ కనపడదు. దండ కణాలు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంటదాకా పడుతుంది. మా పిల్లలు ఆ అరగంటా మంచంమీద పడుకుని, గీత ముందు ఎవరికి కనిపిస్తుందా అని పందెం వేసుకున్నారు. పందెం ఎవరు గెలిచారో తెలియదు. నేను తొంగిచూసేసరికి ఇద్దరూ నిద్రపోతున్నారు. లైటు తీసే ఉంది.

సవరల పద్ధతి ప్రకారం నేను మర్నాడు, “ఇంకేమైనా లోటుందిరా?” అని అడిగాను. పిల్లవాడు చాలాసేపు చూసి, “దానికి రాత్రి ఆకలి వేస్తే ఎలా? పుట్ట లేదు,” అన్నాడు. నిజమే. ఓ పక్కన జాజురంగుతో చెదలపుట్ట చేర్చాం.

మే నెలలో మా అమ్మాయి వచ్చింది. పిల్లవాడు చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కుపోయి, పట్టపగలు తలుపులూ కిటికీలూ మూసి, “ఇప్పుడే కనపడదమ్మా, కాస్త ఆగు. ముందు తెల్లగీత కనిపిస్తుంది. తరవాత బస్సు,” అన్నాడు. ఆమె ఆ చీకట్లోనే చాలాసేపు కూచుంది.

పిల్లలూ, గోడ మీది కావాలంటే చేయవలసినవి ఇవే. అమ్మానాన్నల నడిగి, వాళ్ళు సరేనంటేనే గోడ ముట్టుకోండి. అద్దె ఇల్లయితే పెద్ద గుడ్డమీద వేసి తగిలించండి. దానికీ గళ్ళ పద్ధతే. ముందు చెమ్మ ఉన్నదేమో చూసుకోండి. తరవాత, మీ గదిలో పడుకునే వాళ్ళందరినీ “రాత్రి నీకు ఏం కనిపిస్తుంది? ఏం కనిపిస్తే బాగుండును?” అని అడగండి. చెప్పింది విని నవ్వకండి. ఆ వస్తువును గురించి బాగా తెలుసుకోండి. తన చేత్తో గీసి, దాని ఆకలేమిటో అలవాట్లేమిటో తెలుసుకున్నాక, పిల్లవాడికి దానిమీద ఉన్న భయం చాలావరకు పోతుంది. పేరు రాసుకోవాలని ఉంటే చివర ఓ మూల చిన్నగా రాసుకోండి. మా పిల్లలు అది మరిచేపోయారు.

ఇంకొక్క మాట. బొమ్మ కలకాలం ఉండాలని పైన వార్నీషు పూయకండి. పూర్వం అజంతా బొమ్మలకు మేలు చేద్దామని వార్నీషు పూస్తే, అది కాలక్రమాన పసుపుబారి బొమ్మలనే మసకపరిచింది. మన బొమ్మలకు అంత ఆయుష్షు అక్కర్లేదు. ఇప్పుడు మా మనవడికి తొమ్మిదేళ్ళు. మొన్న వాడు గోడముందు నిలబడి, “తాతయ్యా, ఆ పిల్లలు ఇంకా తల్లి వీపుమీదనే ఉన్నాయేమిటి? పెద్దవయినై గదా! దిగి నడవాలి,” అన్నాడు. వచ్చే సెలవుల్లో ఆ రెండింటినీ తుడిచేసి, తల్లి పక్కన నడుస్తున్నట్టు మళ్ళీ వేస్తాం. దానికి సరిపడా చోటు ఎడమపక్కన ఖాళీగానే ఉంది. మీరు కూడా మీ గోడమీద అలాగే కొంచెం చోటు మిగల్చండి. మీరూ పెద్దవాళ్ళవుతారు గదా!